తాళంచెవి తీసినా ఆగని ఇంజను

(పెరియపాళయంలో జరిగిన స్కాలర్‌షిప్పుల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను చదివింది బి.కాం. చేసింది బ్యాంకులో గుమాస్తా ఉద్యోగం. సాయంత్రం లెక్క సరిపోతేగాని ఇంటికి కదలని ఉద్యోగం అది. ఈరోజు మాత్రం ఒక కారు సంగతి చెబుతాను.

1997లో ఒక పాత పెట్రోలు అంబాసిడర్ కొన్నాను. ఆడి మాసంలో ఒక ఆదివారం భవానీ అమ్మవారి దర్శనానికి కుటుంబంతో ఇక్కడికే వచ్చాం. గుడి దగ్గర బండి ఆపి తాళంచెవి తీశాను. తాళంచెవి నా చేతిలో ఉంది, ఇంజను మాత్రం ఆగలేదు! బండంతా వణుకుతూ డబడబమని కొట్టుకుంది. జనం గుమిగూడారు. మా అమ్మాయి సిగ్గుతో తల దించుకుంది.

ఒక మెకానిక్ ఇంజను మొత్తం విప్పాలన్నాడు. పద్దెనిమిది వేలు అడిగాడు. అంత డబ్బు ఉన్నది మా అమ్మాయి కాలేజీ ఫీజుకని దాచిన ఖాతాలోనే. విత్‌డ్రాయల్ స్లిప్పు కూడా రాశాను. సంతకం పెట్టేముందు మనసొప్పక, మా వీధి చివర ఉండే పెద్దాయన షెడ్డుకు తీసుకువెళ్ళాను.

ఆయన ఒకే ప్రశ్న వేశాడు: "సార్, ఈ ఐడిల్ స్క్రూ ఎవరు తిప్పారు?"

తిప్పింది నేనే. సిగ్నలు దగ్గర ఇంజను ఆగిపోతోందని తిప్పి వేగం పెంచాను.

ఆయన చెప్పింది ఇది. తాళంచెవి తీస్తే ప్లగ్గుల్లో నిప్పురవ్వ మాత్రమే ఆగుతుంది. ఇంజను తిరిగినంతసేపు కార్బురేటర్ నుంచి పెట్రోలు పీల్చుకుంటూనే ఉంటుంది. లోపల పేరుకున్న మసి నిప్పుకణికలా కాలుతుంటే, రవ్వ లేకపోయినా పెట్రోలు అంటుకుంటుంది. నా బండిలో టైమింగ్ వెనకబడింది. అందుకే వేగం పడిపోయేది. దాన్ని సరిచేయకుండా నేను స్క్రూ తిప్పాను. దాంతో వేడీ పెరిగింది, పెట్రోలూ ఎక్కువ వెళ్ళింది.

పాయింట్ల సందు, టైమింగ్ సరిచేసి, ప్లగ్గులు శుభ్రం చేసి, స్క్రూ వెనక్కి తిప్పాడు. "ఇంకా ఆగకపోతే అప్పుడు హెడ్ విప్పి మసి గీకుదాం" అన్నాడు. ఆ అవసరం రాలేదు. కూలి నూట యాభై రూపాయలు.

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ఇంజెక్షన్ బండ్లలో తాళంచెవి తిప్పగానే పెట్రోలు కూడా ఆగుతుంది. ఇంట్లో పాత బండి ఉన్నవారు మాత్రం, ఆపేముందు ఒక నిమిషం నెమ్మదిగా నడవనివ్వండి. అప్పటికీ ఆగకపోతే బ్రేకు గట్టిగా తొక్కి, టాప్ గేరు వేసి, క్లచ్ మెల్లగా వదలండి.

పిల్లలూ, లెడ్జరులో ఒక తప్పును ఇంకో తప్పుతో కప్పితే ట్రయల్ బాలెన్సు కలుస్తుంది, తప్పు మాత్రం మిగిలే ఉంటుంది. మార్కులు తగ్గితే గైడు మార్చడం, ఇంకో ట్యూషన్ పెట్టించుకోవడం స్క్రూ తిప్పడం లాంటిదే. ఏ పాఠం దగ్గర అర్థం కావడం ఆగిపోయిందో వెనక్కి వెళ్ళి చూసుకోండి. అడగడానికి మొహమాటపడకండి.

తల్లిదండ్రులకు ఒక్క మాట. చదువు డబ్బు ముట్టుకునేముందు ఇంకొకరిని అడగండి. ఆ స్లిప్పు నేను చించేశాను. మా అమ్మాయి ఆ ఏడాదే కాలేజీలో చేరింది.