నొప్పి తెలియని పాదం



నొప్పి శరీరానికి కావలి వంటిది. ముల్లు గుచ్చుకున్న క్షణంలోనే కాలిని వెనుకకు తీయించేది అదే. మధుమేహం ఏళ్ల తరబడి అదుపు తప్పితే పాదంలోని నరాలు మొద్దుబారి, ఆ కావలి నిద్రపోతుంది. చెప్పులో చేరిన చిన్న రాయి పుండు చేసినా తెలియదు. రక్తప్రసరణ తగ్గిన పాదంలో ఆ పుండు త్వరగా మానదు. అది లోతుకు దిగితే క్రిములు ఎముకను చేరుతాయి. ఈ వ్యాధినే వైద్యులు ఆస్టియోమైలైటిస్ అంటారు. సకాలంలో గుర్తించకపోతే వేలినో, పాదాన్నో తొలగించవలసి రావచ్చు.

చర్మం చాటున ఉన్న ఎముకను చూడటం ఎట్లా? 1895లో జర్మనీలోని వుర్జ్‌బర్గ్ నగరంలో రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను కనుగొని ఈ ప్రశ్నకు తొలి సమాధానం చూపాడు. నేటికీ మొదట తీయించేది ఎక్స్‌రేయే. దానికి ఖర్చు తక్కువ. చిన్న పట్టణాలలోనూ లభిస్తుంది. అయితే ఎముకలోని ఖనిజాంశం సుమారు మూడవ వంతు కరిగితే గాని ఆ మార్పు ఎక్స్‌రేలో కనబడదు. అందుకు రెండు మూడు వారాలు పట్టవచ్చు. కనుక మొదటి ఎక్స్‌రేలో ఏమీ లేదన్నంత మాత్రాన ఎముకలో ఏమీ లేదని కాదు. పుండు మానకుంటే, వైద్యుడు చెప్పిన గడువుకు మళ్లీ తీయించుకోవడం ముఖ్యం.

సందేహం తీరనప్పుడు ఎమ్మారై తోడ్పడుతుంది. అయస్కాంత శక్తితో పనిచేసే ఈ పరీక్ష, ఎముక మూలుగలో చేరిన వాపును తొలి రోజులలోనే పట్టి ఇస్తుంది. చీము ఎంతవరకు వ్యాపించిందో కూడా తెలుపుతుంది. కాని నరాలు దెబ్బతిన్న పాదంలో కీళ్లు చితికిపోయే చార్కో వ్యాధి కూడా చిత్రంలో ఇట్లాగే భ్రమింపజేయవచ్చు. అందువల్ల వైద్యుడు చిత్రాన్నొక్కదాన్నే నమ్మడు. మొనలేని లోహపు పుల్లతో పుండు లోతును తడిమి, ఎముక తగులుతున్నదేమో చూస్తాడు, రక్తపరీక్ష చేయిస్తాడు, అవసరమైతే ఎముక ముక్కను తీయించి పరీక్షకు పంపుతాడు. వ్యాధిని ముందుగా గుర్తిస్తే, సుమారు ఆరు వారాల మందులతోనే శస్త్రచికిత్స లేకుండా పలువురి పాదాలు నిలుస్తాయి.

ఎంత గొప్ప యంత్రమైనా, ఆసుపత్రికి వచ్చిన పాదాన్నే చూడగలదు. ఇంట్లోని పాదాన్ని చూడవలసినది ఇంటివారే. చూపు మందగించి, నడుము వంగని పెద్దలకు తమ అరికాలు తమకే కనబడదు. ప్రతి రాత్రి దీపం వెలుగులో తాతగారి పాదాలను, వేళ్ల సందులను ఒక్కసారి పరికించి, పుండు కనబడిన నాడే పెద్దలకు చెప్పే బాలుడు ఆ ఇంటికి మేలు చేసినవాడు. పెద్దల పాదాలకు నమస్కరించడం నేర్పిన బడి, ఆ పాదాలను పరీక్షించడం కూడా నేర్పితే, అక్కడి చదువు సార్థకమవుతుంది.