పివట్ పట్టికలో శాతములు

ఉదయగిరి మెట్టసీమ; ఆత్మకూరు వైపున సోమశిల జలాశయమున్నది. ఈ రెండు చోట్ల పంటనష్టమును కంప్యూటరులోని పివట్ పట్టికకు ఎక్కించితిమనుకొందము. ఉదయగిరిలో సాగైన 100 ఎకరములలో 80 ఎండినవి, ఆత్మకూరులో 900లో 90. శాతములు 80, 10. వాటికి సరాసరి కట్టుమన్నచో పట్టిక జంకులేక 45 అనును! నిజమునకు 1000లో ఎండినవి 170. అనగా 17 శాతము.

కావున శాతముల వరుసను ఎక్కించరాదు. ఎండిన ఎకరములను సాగు ఎకరములతో భాగించు 'క్యాలిక్యులేటెడ్ ఫీల్డు'ను చేర్చవలెను. అది ముందు కూడి, పిమ్మట భాగించును.

మరియొక చిక్కు. 'నిలువు మొత్తములో శాతము' అడిగితిమా, 170 ఎకరములలో ఆత్మకూరుకు 53, ఉదయగిరికి 47 అని చూపును. ఆ లెక్కతో సహాయము పంచిన అధికారి ఆత్మకూరుకే అధికమిచ్చును. నూటికి ఎనుబది పోగొట్టుకొన్న ఉదయగిరి రైతు ఆ పట్టికలో కనబడనే కనబడడు.