బండ కింది గునపం

ఆళ్ళగడ్డ శిల్పశాలల్లో పెద్ద రాతిబండ కింద గునపం దూర్చి, బండకు దగ్గరగా ఒక చిన్న రాయిని ఆనుగా పెట్టి, రెండో కొసను కిందికి అదిమితే బండ లేస్తుంది. ఇంజినీరింగ్ మెకానిక్స్‌లో భ్రామకం, అనగా ఒక బిందువు చుట్టూ వస్తువును తిప్పగల బలప్రభావం, అనే పాఠమంతా ఆ పనిలోనే ఉంది. అయినా బండ పైకి లేచింది కనుక గునపం నెట్టే బలమే ఎక్కువనీ, బండ తిరిగి గునపాన్ని నెట్టే బలం తక్కువనీ సూత్రాలు కంఠతా వచ్చిన విద్యార్థి కూడా భావించడం కద్దు. న్యూటన్ మూడో నియమం ప్రకారం ఆ రెండూ సమానమే.

1992లో అమెరికాలో భౌతికశాస్త్ర బోధనను పరిశోధించిన హెస్టెనెస్, వెల్స్, స్వాక్‌హామర్ బలభావనపై రూపొందించిన ప్రశ్నావళి ఇటువంటి అపోహలనే బయటపెట్టింది. అటువంటి పరీక్షలు రాసిన సుమారు 6,000 మంది విద్యార్థుల ఫలితాలను పరిశీలించిన భౌతికశాస్త్ర అధ్యాపకుడు రిచర్డ్ హేక్, కేవలం ఉపన్యాసం విన్నవారికంటే తరగతిలో చర్చించి అప్పటికప్పుడు తప్పు దిద్దుకున్నవారి అవగాహన దాదాపు రెట్టింపు పెరిగిందని 1998లో ప్రకటించాడు.

తెలుగు విద్యార్థికి మాట కూడా ఒక చిక్కే: వాడుకలో బలం, శక్తి ఒకటే కాగా, శాస్త్రంలో బలమంటే నెట్టడమో లాగడమో, శక్తి అంటే పని చేయగల సామర్థ్యం. ఈ తేడా తెలియనిదే లెక్క ముందుకు సాగదు.

నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ సుమారు 40 కిలోమీటర్లే. నంద్యాల అధ్యాపకులు ఒక్క పూట విద్యార్థులను అక్కడికి తీసుకువెళ్ళి, గునపాన్ని మాత్రమే విడిగా గీయించి, దానిపై పనిచేసే బలాలను ఒక్కొక్కటిగా బాణపుగుర్తులతో చూపించమనాలి. సూత్రం ఆ తరువాతే నల్లబల్ల ఎక్కాలి.