కొవ్వొత్తి ఆరిందా?

(అగ్నిమాపక సేవా వారోత్సవాల సందర్భంగా సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పిల్లలంతా ముందు వరుసలో కూర్చున్నారు, చాలా సంతోషం. ఈరోజు నా మాటలు ఎక్కువగా వాళ్లకూ, వాళ్ల అమ్మమ్మలకూ నాన్నమ్మలకూ.

1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో 'ఫోర్ట్ స్టికీన్' అనే ఓడలో పత్తి బేళ్లకు నిప్పంటుకుంది. అదే ఓడలో పేలుడు పదార్థాలు కూడా ఉన్నాయి. మంటలు ఆర్పడానికి వెళ్లిన అగ్నిమాపక సిబ్బందిలో అరవై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వారి స్మృతిలోనే ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు ఈ వారోత్సవాలు జరుపుకుంటాం. బ్రాంచిల్లో మంటలార్పే సిలిండర్ల గడువు చూస్తాం, రిజిస్టర్‌లో సంతకం పెడతాం. ఏళ్ల తరబడి నేనూ పెడుతూనే ఉన్నాను. కానీ మా ఇంట్లో అలాంటి రిజిస్టర్ ఏదీ ఉండేది కాదు. దాని ఫలితం మొదట చెబుతాను.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు నేను అక్కడే పనిచేస్తున్నాను. రోజుల తరబడి కరెంటు లేదు. మూడో రాత్రి బ్రాంచి నుంచి ఇంటికి చేరేసరికి తొమ్మిది దాటింది. మా అమ్మాయికి అప్పుడు ఆరేళ్లు, చీకటంటే భయం. రెండు చుక్కల మైనం కార్చి, మంచం పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద కొవ్వొత్తి నిలబెట్టాను. "నువ్వు పడుకోగానే ఆర్పేస్తానమ్మా" అన్నాను. పాపకంటే ముందు నేనే నిద్రపోయాను.

కిటికీ అద్దం అప్పటికే పగిలి ఉంది. గాలికి దోమతెర కొస ఎగిరి మంట మీద పడింది. మా అమ్మ కేకకు లేచాను. నైలాన్ తెర కరిగి చర్మానికి అతుక్కుంటుందని ఆ రాత్రే తెలిసింది. పాప ముంజేయి కాలింది. కంగారులో ఇంకో తప్పు చేశాను, గాయం మీద టూత్‌పేస్ట్ రాశాను. మర్నాడు డాక్టరు గారు, "కాలిన నొప్పి ఒకెత్తు, మీరు రాసింది తీయడం ఒకెత్తు" అన్నారు. పాప ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. చేతి మీద రూపాయి బిళ్లంత మచ్చ ఉంది. తన అనుమతి తీసుకునే ఇక్కడ చెబుతున్నాను.

పిల్లలూ, కొవ్వొత్తి ఎలా మండుతుందో తెలుసా? మైనం కరిగి ఒత్తిలోంచి పైకి పాకుతుంది, ఆవిరవుతుంది. మండేది ఆ ఆవిరే. ఆర్పగానే లేచే తెల్లటి పొగ కూడా చాలావరకు మైనపు ఆవిరే. మైకేల్ ఫారడే అనే శాస్త్రవేత్త 1860 డిసెంబర్‌లో మొదలుపెట్టి, లండన్‌లో పిల్లల కోసం ఒక్క కొవ్వొత్తి మీదే ఆరు ఉపన్యాసాలు ఇచ్చాడు. అంత చిన్న మంటలోనూ బాగా వేడిగా ఉండే చోట వెయ్యి డిగ్రీలు దాటుతుంది. అందుకే దాన్ని చిన్నచూపు చూడకూడదు.

ఇప్పుడు మా ఇంటి నియమాలు. కొవ్వొత్తి కింద స్టీలు పళ్లెమో మట్టి మూకుడో ఉండాలి. ప్లాస్టిక్ స్టూలు, టీవీ, ఫ్రిజ్, పుస్తకాల బీరువా మీద పెట్టకూడదు. కర్టెన్, దోమతెర, పక్కబట్టలు, పేపర్లు కనీసం ఒక అడుగు దూరంలో ఉండాలి. ఒత్తి పొడుగైతే మంట ఎగసి మసి వస్తుంది, వెలిగించే ముందు పావు అంగుళం ఉంచి కత్తిరించాలి. చున్నీ, పైట కొంగు ముడిచి కట్టుకోవాలి. వెలుగుతున్న కొవ్వొత్తి పట్టుకుని గదులు తిరగకూడదు. గ్యాస్ వాసన వస్తుంటే అగ్గిపుల్ల గీయకూడదు, స్విచ్‌లు ముట్టుకోకూడదు. తలుపులు, కిటికీలు తెరిచి, బయటకొచ్చి 1906కు ఫోన్ చేయాలి.

పుట్టినరోజుల సంగతి కూడా చెప్పాలి. కేకు మీద కొవ్వొత్తులు వెలుగుతుండగానే పిల్లలు నురగ స్ప్రే కొడతారు. ఆ డబ్బాల్లో చాలా వాటిలో మండే వాయువు ఉంటుంది. హైడ్రోజన్ నింపిన బెలూన్లదీ అదే ప్రమాదం. కొవ్వొత్తులు ఆరేదాకా రెండూ ఆ దరిదాపులకు రాకూడదు. 2020 ఏప్రిల్ 5 రాత్రి దేశమంతా దీపాలు వెలిగించినప్పుడు, ఆల్కహాల్ శానిటైజర్ రాసుకున్న చేతులతో వెలిగించవద్దని ముందుగానే హెచ్చరించారు. ఆ జాగ్రత్త ఇప్పటికీ పాటించాలి.

మైనం కరిగించే గిన్నెలో మంట లేస్తే నీళ్లు పోయకూడదు. నీరు ఒక్కసారిగా ఆవిరై మండే మైనాన్ని చిమ్ముతుంది. స్టవ్ కట్టేసి మూత పెట్టాలి. మంట చెయ్యి దాటితే సామాను సంగతి వదిలేసి బయటకు వచ్చి, 101కు గానీ 112కు గానీ ఫోన్ చేయాలి. చర్మం కాలితే కుళాయి నీటి ధార కింద 20 నిమిషాలు ఉంచాలి. టూత్‌పేస్ట్, సిరా, పసుపు, ఐసు ఏవీ వద్దు. అతుక్కున్నదాన్ని లాగకుండా డాక్టరు దగ్గరకు వెళ్లాలి.

ఇక మిగిలిన కొవ్వొత్తి ముక్కలు. ఒకసారి స్కూలు ప్రాజెక్టుకు కరిగించిన మైనాన్ని సింకులో పోశాం. వేడినీళ్లు పోస్తే పోతుందనుకున్నాం. కొంత దూరం పోయి గొట్టంలో గడ్డకట్టింది. ప్లంబర్ గొట్టం కోయాల్సి వచ్చింది. కరిగిన మైనాన్ని పాత డబ్బాలోనే గట్టిపడనివ్వాలి. ఒత్తి పూర్తిగా చల్లారాకే చెత్తబుట్టలో వేయాలి, ఎర్రగా ఉన్న ఒత్తి కాగితాలను అంటించగలదు. మామూలు కొవ్వొత్తి పెట్రోలియం నుంచి తీసిన పారాఫిన్‌తో తయారవుతుంది. కాబట్టి ఎరువు గుంటలోనూ తడి చెత్తలోనూ కాదు, పొడి చెత్తలో వేయాలి. అల్యూమినియం గిన్నెలను శుభ్రం చేసి పాత సామాను వాళ్లకివ్వొచ్చు. పగిలిన గాజును మందపాటి కాగితంలో చుట్టి విడిగా ఇస్తే, చెత్త ఏరేవారి చేతులు తెగవు. చిన్న ముక్కలు ఉంటే, బిగుసుకున్న జిప్పుల మీద, చెక్క సొరుగుల అంచుల మీద రుద్దండి, సులువుగా కదులుతాయి.

చివరిగా ఒక బ్యాంకు మాట. మన దగ్గర ఒకరు ఎంట్రీ వేస్తే ఇంకొకరు సరిచూడాలి, మేకర్, చెకర్ అంటాం. మా ఇంట్లో కొవ్వొత్తికీ అదే పద్ధతి పెట్టాం. వెలిగించినవారు ఆర్పాలి, ఇంకొకరు చూసి సరే అనాలి. వెలిగించినవారికి నిద్ర వస్తుంటే ముందు ఆర్పాలి, చీకటికి టార్చి ఉంది. అది తలుపు పక్కన మేకుకు వేలాడుతుంది, ఛార్జింగ్ ప్రతి ఆదివారం చూస్తాం.

మా ఇంట్లో చెకర్ మా అమ్మాయే. కరెంటు పోయిన రాత్రి ఎంత పొద్దుపోయినా తన గదిలోంచి అడుగుతుంది, "నాన్నా, కొవ్వొత్తి ఆరిందా?" అని. నేను మంచం మీద నుంచి జవాబు చెబితే ఒప్పుకోదు. లేచి వెళ్లి చూసి వచ్చి చెప్పాలి. ఈ రాత్రి నుంచి మీ ఇంట్లో ఆ ప్రశ్న ఎవరు అడుగుతారో, భోజనాల దగ్గర మాట్లాడుకుని తేల్చుకోండి.