మోటారుసైకిలు మీద వేళాంగణ్ణి యాత్ర: బయలుదేరే ముందు
(పేషెంట్ల బంధువులకు ఆసుపత్రి హాలులో ఒక నర్సు సిస్టరు ఇచ్చిన ప్రసంగం)



మీ మనిషి లోపల మంచం మీద ఉంటే మీరు వరండాలో చాప పరచుకొని రోజులు గడుపుతున్నారు. ఇలాంటప్పుడు యాత్రల గురించి మాట్లాడుతుందేమిటి ఈ సిస్టరు అనుకోకండి. మొక్కులు పుట్టేది ఇక్కడే. "మావాడు లేచి నడిస్తే బండి మీద వేళాంగణ్ణి మాత దగ్గరికి తీసుకొస్తాం" అని ఐసియు తలుపు దగ్గర నిలబడి అనుకున్న తల్లుల్ని నేను చూశాను. మొక్కు మంచిదే. కాని దాన్ని తీర్చే తొందర మంచిది కాదు. వేళాంగణ్ణిలో ఏటా ఆగస్టు 29న జెండా ఎత్తుతారు, సెప్టెంబరు 8న పండుగ. ఆ తేదీ చూసుకొని, కాలికి ప్లేటు వేయించుకొని రెండు నెలలైనా కానివాణ్ణి వెనక సీటు మీద ఎక్కిస్తారు. మాత ఈ సంవత్సరమే రమ్మని మీకు గడువు పెట్టలేదు కదా!

తలకు దెబ్బ తగిలినవారు, గుండెజబ్బువారు, ఆపరేషను అయినవారు డాక్టరుగారు సరే అనేదాకా బండెక్కకూడదు. ఫిట్సు వచ్చేవారు బండి నడపనే కూడదు. కాళ్ళు ముడుచుకొని గంటల తరబడి కూర్చుంటే ఆపరేషను అయినవారికి కాలి నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. అలాంటివారికి, చిన్నపిల్లలకు రైలే మంచిది. ఆరోగ్యంగా ఉన్న అన్నదమ్ములు, స్నేహితులు బండి మీద వస్తారు, మిగతావారు రైల్లో వస్తారు, అక్కడ అందరూ కలుస్తారు. మొక్కు తీరినట్టే.

ఇక బండి మీద వెళ్ళేవారి సంగతి. విజయవాడ నుండి వేళాంగణ్ణికి సుమారు 750 కిలోమీటర్లు. కుర్రవాళ్ళు వేసే లెక్క ఒకటే: రాత్రంతా నడిపితే గది అద్దె మిగులుతుంది. నన్ను ఎక్కువ భయపెట్టేది ఈ లెక్కే. ఒక ఏడు ఇలాగే తిరిగి వస్తున్న ఇద్దరు స్నేహితుల్ని తెల్లవారుజామున క్యాజువాల్టీకి తెచ్చారు. నడిపే అబ్బాయికి కన్ను మూతపడి, రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీని వెనకనుండి గుద్దాడు. అతని తల మీద హెల్మెటు ఉంది, బతికాడు. వెనక కూర్చున్న అబ్బాయి హెల్మెటు మోచేతికి తగిలించుకొని ఉన్నాడు. వాళ్ళ అమ్మకు ఆ మాట చెప్పవలసింది నేనే అయింది.

పదిహేడు గంటలు నిద్రలేకుండా ఉన్న మనిషి మద్యం తాగినవాడి మాదిరే మందంగా స్పందిస్తాడు. టీ తాగితే, మొహం కడుక్కుంటే ఆ మత్తు కాసేపు వెనక్కి తగ్గుతుందంతే. అర్ధరాత్రి దాటాక తెల్లవారేదాకా, మళ్ళీ మధ్యాహ్నం భోజనం అయ్యాక నిద్ర ముంచుకొస్తుంది. ఆ వేళల్లో బండి నడపకండి. ప్రయాణం మూడు రోజులుగా విడదీయండి. మొదటి రోజు నెల్లూరు, రెండో రోజు చెన్నై దాటి పుదుచ్చేరి, మూడో రోజు చిదంబరం, కారైకాల్, నాగపట్నం మీదుగా వేళాంగణ్ణి. మూడో రోజు 150 కిలోమీటర్లే కాబట్టి మధ్యాహ్నానికి చేరతారు. రెండు గంటలకోసారి దిగి పదిహేను నిమిషాలు నడవండి. చీకటి పడేలోపు ఆగిపోండి.

ఖర్చు సంగతి కూడా చెప్తాను, మన జేబులు నాకు తెలుసు. వంద సీసీ బండి ఇద్దరితో, సామానుతో లీటరుకు 50 కిలోమీటర్లు ఇస్తే రానుపోను 1,500 కిలోమీటర్లకు 30 లీటర్లు. అక్కడి తిరుగుడుకు ఇంకో రెండు లీటర్లు కలుపుకోండి. నేషనల్ హైవే మీద బండ్లకు టోలు లేదు. బసకు మీ విచారణ గురువుల దగ్గర ఒక లేఖ తీసుకొని, దారిలోని చర్చిలకు ముందుగా ఫోను చేసి అడగండి. ఆవరణలో డేరా వేసుకోనిస్తారో, వరండాలో పడుకోనిస్తారో తెలుస్తుంది. ఏమీ దొరకని రాత్రి కోసం రెండు వేల రూపాయలు ఒక కవరులో పెట్టి అంటించి, దాని మీద 'నిద్ర డబ్బులు' అని రాయండి. వాన పడినా, ఒళ్ళు అలసినా ఆ కవరు చించి గది తీసుకోండి. కొవ్వొత్తులకో బొమ్మలకో దాన్ని ముట్టుకోవద్దు.

డేరా అంటే కొత్తది కొనక్కర్లేదు. మన రైతుల ఇళ్ళల్లో ఉండే టార్పాలిన్ పట్టా, నైలాను తాడు చాలు. కాని దోమతెర మాత్రం తప్పకుండా ఉండాలి. అది దోమలకే అనుకుంటున్నారేమో! వానాకాలంలో కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవారిని నిద్రలోనే కాటేస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, గాటు కూడా సరిగా కనిపించదు. అర్ధరాత్రి కడుపునొప్పి అంటాడు, తెల్లవారేసరికి కనురెప్పలు వాలిపోతాయి, మింగలేడు, ఆ తరువాత ఊపిరి అందదు. పక్కనున్నవారు అజీర్తి అనుకొని సోడా తాగిస్తారు. దోమతెర అంచుల్ని నాలుగు వైపులా పరుపు కిందికో చాప కిందికో దోపి పడుకుంటే దోమ రాదు, పామూ రాదు. అన్నం మెతుకులు, మిగిలిన కూర దగ్గర పెట్టుకోవద్దు. వాటికి ఎలుకలు, ఎలుకలకు పాములు వస్తాయి. రాత్రి లేస్తే టార్చి వేసి అడుగు పెట్టండి. పొద్దున్నే హెల్మెటు, చెప్పులు దులిపి వేసుకోండి. అనుమానం వస్తే తాడు కట్టడం, బ్లేడుతో కోయడం, మంత్రం వేయించడం ఏదీ వద్దు. కాటు పడ్డ కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోను చేయండి. ఆ నంబరు తమిళనాడులోనూ పని చేస్తుంది. విరుగుడు ఇంజక్షను ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం.

వాన పడుతోందని పొయ్యి గాని, బొగ్గుల కుంపటి గాని డేరా లోపల పెట్టవద్దు. దాని పొగలో వాసన లేని విషవాయువు ఉంటుంది, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

బండి విషయం మీ మెకానిక్కు నాకంటే బాగా చెప్తాడు. వారం ముందే చూపించండి, ముందురోజు కాదు. టైర్లు, బ్రేకులు, చైను, లైట్లు చూడమనండి. ఒక క్లచ్చు కేబులు, స్పార్కు ప్లగ్గు, ట్యూబు దగ్గర ఉంచుకోండి. సామాను తక్కువగా, గట్టిగా కట్టండి. వదులు తాడైనా, చీర కొంగైనా, చున్నీ అయినా చక్రంలో పడితే మనిషి రోడ్డు మీదే. ఐఎస్ఐ గుర్తున్న హెల్మెటు ఇద్దరికీ ఉండాలి, గడ్డం కింద పట్టీ బిగించాలి. ఇన్సూరెన్సు తేదీ చూసుకోండి. సైలెన్సరు తగిలి కాలితే ఇరవై నిమిషాలు చల్లని నీళ్ళు పోయండి. పేస్టు, సిరా పూయవద్దు.

మొదటి పూటకు ఇంటి పులిహోర, తరువాత అటుకులు, వేరుశెనగ ఉండలు, అరటిపళ్ళు చాలు. విరేచనాలైతే ఓఆర్ఎస్ ప్యాకెట్టు. అది లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి, చెంచాలు తలకొట్టి కొలవండి. బీపీ, షుగరు మాత్రలు ప్రయాణం రోజులకంటే మూడు రోజులకు ఎక్కువ పెట్టుకోండి. ఇన్సులిను బండి పెట్టెలో పెడితే ఎండకు పాడవుతుంది. తడిగుడ్డ చుట్టిన చిన్న మట్టికుండలో పెట్టుకొని, వెనక కూర్చున్నవారు చేతిలో పట్టుకోవాలి.

శబరిమలకైనా తిరుపతికైనా బండి మీద వెళ్ళేవారికి ఇవే మాటలు చెప్తాను.

ఇప్పుడు మీరు చేయవలసింది ఒక్కటుంది. డిశ్చార్జి రోజున మందుల చీటీ చేతికిచ్చేటప్పుడు, "మావాడు ఎప్పుడు బండెక్కవచ్చు?" అని డాక్టరుగారిని అడగండి. మొహమాటపడకండి. ఆయన చెప్పిన నెల ఆ చీటీ వెనకే రాయించుకోండి.