నవ్వుకుంటూ నేర్చుకున్న ఇంగ్లీషు మాటలు



మా హాస్టల్‌లో ఆదివారం సాయంత్రాలు ఏం చేస్తామో చెప్పమని సంఘం పెద్దలు అడిగారు. టీవీ చూస్తాం. అదీ కామెడీ. "చదువుకోమని పంపితే టీవీ చూపిస్తున్నారా మేడం?" అని మొదట్లో కొందరు తల్లిదండ్రులు అడిగారు. వాళ్లనీ ఒక ఆదివారం కూర్చోబెట్టాం. పిల్లలకంటే ఎక్కువ నవ్వారు.

ఇంగ్లీషు అనగానే మనవాళ్ల నోరు కట్టుకుపోతుంది. రాక కాదు, ఎవరైనా నవ్వుతారని. ట్రైనింగ్ చదివే రోజుల్లో మేమూ అంతే. ఒకసారి లేచి "ఇస్కూల్" అన్నాం. తరగతంతా నవ్వింది, పాఠం చెప్పే ఆయనా నవ్వారు. కోర్సు అయిపోయేదాకా మళ్లీ ఇంగ్లీషులో నోరు తెరవలేదు. ఇప్పుడు కొత్తగా చేరిన పిల్లలు వెనక వరసలో తల వంచుకుని కూర్చుంటే, అక్కడ మేమే కూర్చున్నట్టుంటుంది.

అసలు మనకు భాషలు కొత్తా? ఇంట్లో ఏర్ అంటాం, బడిలో నీళ్లు అంటాం, సంతలో పాణీ అంటాం. ఎవరూ వ్యాకరణం చెప్పలేదు. చెంబు చూపించి మాట అన్నారు, మనకు అబ్బింది. వాటర్ అన్నది నాలుగో మాట, అంతే. కామెడీ క్లిప్పులో జరిగేదీ అదే. పని కంటికి కనిపిస్తుంది, నవ్వొచ్చింది కాబట్టి మాట గుర్తుంటుంది.

మేము మిస్టర్ బీన్‌తో మొదలుపెట్టాం. 1990లో బ్రిటన్ టీవీలో మొదలైన కార్యక్రమం అది. అందులో రోవన్ అట్కిన్సన్ దాదాపు మాట్లాడడు. మాటల్లేని దాంతో మాటలేం వస్తాయంటారా? ఆయన మాట్లాడడు కాబట్టే మనకు మాట్లాడే చోటు దొరుకుతుంది. పార్కు బెంచీ మీద కూర్చుని శాండ్‌విచ్ చేసుకునే ముక్క ఒకటుంది. బ్రెడ్డును కత్తెరతో కోస్తాడు. ఆకుకూర కడిగి, నీళ్లు పోవడానికి సాక్సులో వేసి గిరగిరా తిప్పుతాడు. మిరియాలను బూటుతో దంచుతాడు. చివరికి ఒక్క తుమ్ముతో అంతా పోతుంది. పక్కన కూర్చున్నాయన తన దాంట్లోంచి పెడతాడు.

మొదటిసారి ఊరికే చూస్తాం. రెండోసారి ఆపి ఆపి చూస్తూ, ఏం చేశాడో గోండిలో ఒకరు, కొలామిలో ఒకరు, తెలుగులో ఒకరు చెబుతారు. అప్పుడు బోర్డు మీద కట్, వాష్, స్పిన్, క్రష్, స్నీజ్ అని రాస్తాం. మూడోసారి పిల్లలే ముందుగా అరుస్తారు. ఆ ఆకు పేరు లెట్యూస్. అది మా సంతకు రాదు కాబట్టి దానిమీద ఎక్కువసేపు ఖర్చుపెట్టలేదు. తుమ్ము వచ్చినప్పుడల్లా మాత్రం హాస్టలంతా "స్నీజ్" అంటుంది.

పాఠ్యపుస్తకంలో పెద్ద మాటలు దొరుకుతాయి కానీ చిన్న మాటలే మనల్ని ఏడిపిస్తాయి. గెట్ అప్ అంటే ఏమిటని అడిగితే ఒక పిల్ల "వేషం మేడం, సినిమాలో హీరో గెటప్" అంది. తప్పేముంది, తెలుగులో అంతే కదా! లేవడం, బస్సు దిగడం, బయటికి పోవడం అన్నిటికీ గెట్ ఎలా వాడతారో, మనిషి లేచి దిగి పోతుంటే చూస్తేనే పట్టుబడుతుంది.

డిగ్రీ చదివే మీకైతే ఫ్రెండ్స్ సీరియల్ పనికొస్తుంది. 1994 నుంచి 2004 దాకా పది సీజన్లు అమెరికాలో వచ్చింది. ఇంట్లో, కాఫీ షాపులో మాట్లాడుకునే మాటలే ఎక్కువ. వేగం ఎక్కువ కాబట్టి యూట్యూబ్‌లో వేగాన్ని 0.75కు తగ్గించండి, ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. తెలుగువి పెడితే కన్ను వాటి మీదే ఉంటుంది, చెవి పనిచేయదు. రెండు నిమిషాల ముక్క చాలు. చిన్నపిల్లలకు అది చూపించం, అందులో వాళ్లకు తగని కబుర్లున్నాయి.

విన్నదల్లా అనేయకూడదని కూడా మాకు ఆలస్యంగా తెలిసింది. ఒక పిల్ల వంటమ్మతో సరదాగా "షటప్" అంది. ఆ అమ్మకు అర్థం తెలియకపోయినా విసురు తెలిసింది, ఆ పూట మాట్లాడలేదు. అప్పటినుంచి ప్రతి మాట పక్కన ఎవరితో అనొచ్చో కూడా రాస్తున్నాం.

ఇంకొకటి చెప్పాలి. మైండ్ యువర్ లాంగ్వేజ్ అని 1977లో బ్రిటన్‌లో మొదలైన కామెడీ ఉంది. లండన్‌లో సాయంత్రం తరగతికి ఇండియా, పాకిస్తాన్, ఇటలీ, చైనా, జపాన్ నుంచి వచ్చినవాళ్లు ఇంగ్లీషు నేర్చుకుంటుంటారు. వాళ్ల తప్పులే హాస్యం. మన సంగతే కదా అని చూపించాం. అందరూ నవ్వారు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి నవ్వలేదు. "వాళ్లు నేర్చుకోడానికి వచ్చారు కదా మేడం, ఎందుకు నవ్వుతున్నారు?" అంది. మాకు ఇస్కూల్ గుర్తొచ్చింది. ఇన్నేళ్లు పిల్లలకు చెప్పని ఆ సంగతి ఆ రాత్రి చెప్పాం. ఆ కార్యక్రమాన్ని మళ్లీ పెట్టలేదు. పెట్టొద్దని మీకు చెప్పం, చూసి మీరే తేల్చుకోండి. మా దగ్గర మాత్రం బీన్ చేసే పనికి నవ్వొచ్చు, పక్కపిల్ల పలికిన తీరుకు నవ్వకూడదు.

ఇప్పుడు ఆదివారం రిమోట్ ఆ పిల్ల చేతిలోనే ఉంటుంది. ఎక్కడ ఆపాలో ఆమే చెబుతుంది. సెలవులకు ఊరొచ్చే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మా దగ్గర సిగ్నల్ సరిగా ఉండదు. పట్నంలోనే నాలుగు మంచి క్లిప్పులు డౌన్‌లోడ్ చేసుకుని పెన్‌డ్రైవ్‌లో పట్టుకురండి. బీన్‌వి మా పిల్లలకు కంఠతా వచ్చేశాయి.