సిగాలుడి ఆరు దిక్కులు

బౌద్ధం ఇల్లు విడిచిన భిక్షువుల మార్గమన్న అభిప్రాయం బలంగా ఉన్నా, పాళీ దీఘనికాయంలోని సిగాలోవాద సుత్తం, అంటే సిగాలుడికి చేసిన హితబోధ, పూర్తిగా గృహస్థును ఉద్దేశించినది. రాజగృహంలో తండ్రి చివరి కోరిక మేరకు తెల్లవారుజామున తడిబట్టలతో ఆరు దిక్కులకు మొక్కుతున్న ఆ యువకుడికి బుద్ధుడు ఆ మొక్కు అర్థాన్నే మార్చి చెప్పాడు. తూర్పు తల్లిదండ్రులు, దక్షిణం గురువులు, పడమర భార్యాబిడ్డలు, ఉత్తరం మిత్రులు, కింది దిక్కు పనివారు, పై దిక్కు శ్రమణ బ్రాహ్మణులు. వీరిపట్ల బాధ్యత నెరవేర్చడమే దిక్కులకు మొక్కడం.

వీటిలో నేటి శ్రోతలు ముఖ్యంగా ఆగి వినవలసింది కింది దిక్కు గురించి. పనివారికి శక్తికి తగిన పని అప్పగించాలి, తిండీ జీతమూ ఇవ్వాలి, జబ్బు చేస్తే చూసుకోవాలి, ప్రత్యేకమైన వంటకం వండితే వారికీ పంచాలి, సమయానికి సెలవివ్వాలి. ఇంటి పనిమనిషికి జ్వరం వచ్చిన రోజున యజమాని ఎలా ప్రవర్తిస్తాడన్నది కూడా, ఈ లెక్కన, ధర్మాచరణే. బాధ్యత ఏకపక్షం కాదు. పనివారూ ఇవ్వనిది తీసుకోకుండా పని చక్కగా చేయాలి.

సంపాదన మాటా ఇందులో ఉంది: ఒక భాగం అనుభవానికి, రెండు భాగాలు వృత్తికి, నాలుగో భాగం ఆపదకు. జీతం అందిన రోజునే ఆ నాలుగో భాగాన్ని, వీలైనంత మేరకైనా, పక్కన పెట్టడంతో ఈ బోధను ఆచరణలోకి తేవచ్చు.